ఎవ్రీ హార్ట్ ఎ డోర్‌వే: నాన్సీ తిరిగి వెళ్లిపోవడం సబబేనా? (ముగింపు వివరాలు ఉన్నాయి)

వెన్నెలమెట్లు:
షానన్ మెగ్వైర్ రాసిన ఈ నవలిక 2016లో వచ్చింది. నేను మాత్రం మొన్ననే చదివాను. రెండు రాత్రుల్లో పూర్తయింది కానీ ఇంకా నన్ను వదలడం లేదు. ముగింపు గురించే మాట్లాడాలని ఉంది కాబట్టి చదవనివారు ఇక్కడే ఆగిపోండి.

ఇలాంటి కథలన్నీ సాధారణంగా ముగిసే చోట ఇది మొదలవుతుంది. ఏదో తలుపు తెరుచుకుని వేరే లోకానికి వెళ్లిన పిల్లలు, అక్కడే తమ అసలు ఇల్లు దొరికిందనుకున్న పిల్లలు మళ్లీ ఇక్కడికి వచ్చిపడతారు. వాళ్లు చెప్పేది ఎవరూ నమ్మరు. అలాంటివారి కోసం ఎలినార్ వెస్ట్ అనే పెద్దావిడ ఒక బడి నడుపుతుంది. పిల్లలకు నయం చేస్తానని తల్లిదండ్రులకు చెబుతుంది. నిజానికి ఆవిడ కూడా చిన్నప్పుడు అలా వెళ్లివచ్చిన మనిషే. పిల్లలు చెప్పే ప్రతి ముక్కా నమ్ముతుంది.

నాన్సీ వెళ్లింది మృతుల లోకానికి. అక్కడ ఆమె నేర్చుకున్నది నిశ్చలంగా నిలబడడం. శిల్పంలా, ఊపిరి కూడా తెలియనంత నెమ్మదిగా. ఆ లోకపు ప్రభువు ఆమెను తిరిగి పంపింది శిక్షించడానికి కాదు, 'నీ మనసు నువ్వు తేల్చుకుని రా' అని. ఇంటికొచ్చేసరికి ఆమె జుట్టు తెల్లబడిపోయి ఉంటుంది, ప్రభువు వేళ్లు తాకిన చోట మాత్రమే నల్లటి పాయలు మిగులుతాయి. నలుపూ తెలుపూ తప్ప మరో రంగు కట్టుకోవడానికి ఆమెకు మనసొప్పదు.

బడిలో మొదటి రోజు ఆమె తన పెట్టె తెరుస్తుంది. తను సర్దుకున్న బట్టలు ఒక్కటీ ఉండవు. అన్నీ రంగురంగులవి. అమ్మానాన్నలు ఆమెకు తెలియకుండా మార్చేశారు. పైన ఒక చీటీ: మా పాత కూతురు మాకు కావాలి, ఇంద్రధనుస్సు లాంటి ఆ పిల్ల మళ్లీ రావాలి అని. ప్రేమతోనే రాశారు. నాకు ఊపిరాడనిది ఆ ప్రేమ దగ్గరే.

చివరికి ఆమె కోసం తలుపు మళ్లీ తెరుచుకుంటుంది, వెళ్లిపోతుంది. స్నేహితులను, అమ్మానాన్నలను, అందరినీ వదిలేసి. పుస్తకం మూశాక సంతోషించాలో కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. మీరేమంటారు?

తర్కం:
నాకు ముగింపుతో పేచీ లేదు. పేచీ అంతా మధ్యలో వచ్చే హత్యలతోనే. నాన్సీతో గది పంచుకునే సుమి చనిపోతుంది, తర్వాత అదే బడి పిల్ల లొరియెల్, ఆ తర్వాత అక్కడే పనిచేసే లండీ. ప్రతిసారీ శరీరంలో ఒక భాగం మాయం. హంతకురాలు ఎవరో సగం దారిలోనే నాకు తెలిసిపోయింది. అపరాధ పరిశోధన కథ రాయాలనుకుంటే దానికి చోటు ఇవ్వాలి, ఇక్కడ ఆ చోటు లేదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారపు లెక్కలో నవలిక అంటే 17,500 పదాల నుంచి 40,000 పదాల లోపు. ఆ కొలతలో కొత్త బడి, పదిమంది పిల్లలు, పది లోకాలు, మూడు హత్యలు! దేనికీ ఊపిరి పీల్చుకునే సమయం దొరకలేదు.

ఇదే నవలికకు హ్యూగో, నెబ్యులా, లోకస్ మూడూ వచ్చాయని తెలుసు. అయినా నా మాట మార్చుకోను. ఆ బహుమతులు వచ్చింది ఆలోచనకు అని నా నమ్మకం. ఆలోచన మాత్రం నిజంగా గొప్పది. లోకాలన్నిటికీ ఒక దిక్సూచి ఉంటుంది చూడండి: ఒక గీత తర్కానికీ అసంబద్ధతకీ మధ్య, ఇంకో గీత మంచికీ దుష్టత్వానికీ మధ్య. ఏ పిల్ల ఏ లోకానికి వెళ్లిందో తెలిస్తే ఆ పిల్ల లోపల ఏముందో తెలుస్తుంది. తలుపులు ఊరికే తెరుచుకోవు. ఎవరికి ఏది సరిపోతుందో చూసి తెరుచుకుంటాయి. దీని మీద ఒక పెద్ద నవలే రాయవచ్చు.

పాతపుటలు:
వెన్నెలమెట్లు గారూ, ఆ పెట్టె గురించి మీరు రాసింది చదవగానే నాకు రేవతి గుర్తుకొచ్చింది. ఎందుకో చెబుతాను.

కకుద్మి అనే రాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే అది ముగిసేదాకా కాసేపు ఆగుతాడు. తీరా అడిగితే బ్రహ్మ నవ్వుతాడు: నువ్వు మనసులో అనుకున్న వరులు, వాళ్ల కొడుకులు, మనవలు, ఎవరూ లేరిప్పుడు, ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి అని. భాగవతం తొమ్మిదో స్కంధంలో ఉంది ఈ కథ. బలరాముడికి ఇచ్చి చెయ్యమంటాడు బ్రహ్మ. కకుద్మి అలాగే చేసి, తాను బదరికాశ్రమానికి వెళ్లిపోతాడు. వేరే లోకం నుంచి వచ్చినవాడికి ఈ భూమ్మీద ఇక ఇల్లు లేదు.

నాకు అంతకన్నా బలంగా తగిలేది విష్ణుపురాణంలోని మాట. రేవతి తిరిగొచ్చేసరికి ఇక్కడి మనుషులు పొట్టివాళ్లయిపోయారు. ఆమె పాత యుగపు ఎత్తులో ఉంది. అప్పుడు బలరాముడు నాగలి కొనతో ఆమెను కిందికి వంచి, అందరు ఆడవాళ్ల ఎత్తుకు తెస్తాడు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు అదో వింతగా తోచింది. ఇప్పుడు చదివితే, ఎత్తు తగ్గేటప్పుడు రేవతికి ఏమనిపించిందో ఎవరూ అడగలేదే అనిపిస్తుంది. నాన్సీ పెట్టెలోని రంగుల బట్టలు ఆ నాగలే. తిరిగొచ్చిన పిల్ల మన కొలతకు సరిపోవాలి, అంతే. ఈ నవలికలో నాకు నచ్చింది ఇదే: రేవతి నోరు విప్పింది.

కొత్తపేజీ:
నేను ఇంకా చదవలేదు, అయినా మొత్తం చదివేశాను ఇక్కడ! ఇది ఒక్క పుస్తకమేనా, వరుస ఉందా? ఏది ముందు చదవాలి?

తర్కం:
వరుస ఉంది. ఇదే మొదటిది, దీనితోనే మొదలుపెట్టండి. 2017లో జాక్, జిల్ అనే కవలల వెనక కథ వచ్చింది, 2018లో సుమి కథకు కొనసాగింపు, 2019లో లండీ బాల్యం. ఆ తర్వాత దాదాపు ఏటా ఒకటి. మొత్తం వరుసకు 2022లో మరో హ్యూగో ఇచ్చారు. బడిలో జరిగే కథ ఒకటి, ఒక పిల్ల వెనక కథ ఒకటి, ఇలా మారుతూ వస్తాయి కాబట్టి కొన్నిటిని విడిగా కూడా చదవవచ్చు.

గడపదాటి:
నేను సాధారణంగా ఇక్కడ చదివి వెళ్లిపోతాను. ఈ ఒక్కసారి రాయాలనిపించింది.

పదేళ్ల వయసులో నేను చాలా నెలలు ఆసుపత్రిలో ఉన్నాను. పిల్లల వార్డు. పది మంచాలు. రాత్రి దీపాలు తగ్గించాక మందుల బండి ఒకటి వచ్చేది. దాని చక్రాల్లో ఒకటి కిర్రుమనేది. ఆ చప్పుడు మూడో మంచం దగ్గర ఆగితే ఎవరికి సూది వేస్తున్నారో, కిటికీ దగ్గర ఆగితే ఎవరికో మాకు చీకట్లోనే తెలిసేది. మాకు మా ఆటలుండేవి, మా మాటలుండేవి, బయటివాళ్లకు అర్థం కాని పేర్లుండేవి. అక్కడ నొప్పి ఉంది, భయం ఉంది. అయినా అది ఒక లోకం, అందులో నాకు ఒక స్థానం ఉంది.

ఇంటికొచ్చేసరికి నా గదికి కొత్త రంగు వేసి ఉంది. పసుపు. వార్డులో నేను బొమ్మలు వేసుకున్న నోటు పుస్తకం కనబడలేదు. అడిగితే అమ్మ, 'అవన్నీ మరచిపో నాన్నా, అయిపోయింది కదా' అంది. అందరూ నన్ను చూసి ఎంత సంతోషపడ్డారంటే, నాకు అక్కడికి వెళ్లాలని ఉందని చెప్పడం నేరంలా తోచింది. ఆసుపత్రి మీద బెంగ పెట్టుకున్న పిల్లవాడు ఎవరికి అర్థమవుతాడు? ముప్పై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు.

నాన్సీ ఆ పెట్టె తెరిచిన పేజీ దగ్గర నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అందుకని నాకు ముగింపు సబబా కాదా అన్న ప్రశ్నే రాలేదు. వెళ్లగలిగింది కాబట్టి వెళ్లింది. నేను వెళ్లలేను, ఆ వార్డు ఇప్పుడు లేదు.

అమ్మ_చదువరి:
గడపదాటి గారూ, మీరు రాసినందుకు ధన్యవాదాలు. రెండుసార్లు చదివాను.

నేను మాత్రం ఆ తల్లిదండ్రుల పక్షాన ఒక మాట మాట్లాడాలి. కూతురు కనబడకుండా పోయింది. బతికుందో లేదో తెలియదు. ఒకరోజు తిరిగొచ్చింది, జుట్టు తెల్లబడి, తిండి ముట్టకుండా, గంటల తరబడి కదలకుండా. అలాంటి పిల్లను చూసిన ఏ తల్లయినా ఏమనుకుంటుంది? ఎవరో ఏదో చేశారనే అనుకుంటుంది. పాత బట్టలు పెడితే పాత పిల్ల వస్తుందన్న ఆశ తప్పే కావచ్చు, కానీ అది పుట్టింది భయంలోంచి. రచయిత్రి వాళ్లకు ఇంకో రెండు పేజీలు ఇచ్చి ఉంటే బాగుండేది.

అసలు నా బాధ వేరే ఉంది. మా అమ్మాయికి పదహారు. ఇద్దరం కలిసి చదివాం. చివరి పేజీ అయ్యాక తను చాలా మెల్లగా అడిగింది: 'అమ్మా, నాన్సీ వెళ్లింది మృతుల లోకానికి కదా, అంటే చనిపోయినట్టేనా?' నా గుండె ఆగినంత పనయింది. ఇక్కడ బతకలేని పిల్ల మృతుల దగ్గరికి వెళ్లి సుఖపడింది అని ఒక పిల్ల చదువుకుంటే? ఆ రాత్రి రెండు గంటలు కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ మాటలు జరిగినందుకు పుస్తకానికి రుణపడి ఉన్నాను. కానీ పక్కన ఎవరూ లేకుండా చదివే పిల్లల సంగతి నన్ను కలవరపెడుతూనే ఉంది.

పాతపుటలు:
అమ్మ_చదువరి గారూ, మీ భయం న్యాయమైనది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. నాకు తెలిసిన సమాధానం చెబుతాను.

నాన్సీ ఆ లోకానికి చనిపోయి వెళ్లలేదు. ప్రాణంతో వెళ్లింది, ప్రాణంతో ఉంది, ప్రాణంతోనే తిరిగొచ్చింది. 2018లో వచ్చిన మూడో పుస్తకంలో స్నేహితులు ఆ లోకానికి వెళ్లినప్పుడు ఆమె అక్కడ కనబడుతుంది. ప్రభువు కొలువులో శిల్పంలా నిలబడి ఉంటుంది, వీళ్ల కోసం దిగొచ్చి మాట్లాడుతుంది. మీ అమ్మాయికి ఆ పుస్తకం కూడా ఇవ్వండి. ఆ ప్రశ్నకు అందులో నా మాటకన్నా మంచి జవాబు దొరుకుతుంది.

ఈ లోకాన్ని తెలుగులో ఏమనాలి అని ఆలోచిస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. నేను సరదాగా కొన్ని పేజీలు తెలుగు చేసి చూసుకుంటున్నాను. మొదట 'యమలోకం' అని రాశాను. వెంటనే కొట్టేశాను. ఆ మాట అనగానే పాపాల చిట్టా, చిత్రగుప్తుడు, శిక్షలు వచ్చేస్తాయి. నాన్సీ చూసిన చోట లెక్కలూ లేవు, దండనలూ లేవు. నిశ్శబ్దం, నీడలు, దానిమ్మలు. ఆ దానిమ్మ గ్రీకు పురాణంలోని పెర్సెఫొనీది: పాతాళంలో కొన్ని గింజలు తిన్నందుకు ఏటా కొంతకాలం అక్కడే ఉండాల్సి వచ్చిన అమ్మాయి. అందుకే 'మృతుల మందిరాలు' అని పెట్టుకున్నాను. ఇంకా తృప్తి లేదు.

వెన్నెలమెట్లు:
అనువాదం సంగతి ముందే చెప్పలేదేం! మరి పుస్తకం పేరు?

పాతపుటలు:
దానికే వారం పట్టింది. 'ప్రతి హృదయం ఒక ద్వారం' అని పెడితే అర్థం వస్తుంది, ప్రాణం రాదు. గుడి మీద చెక్కిన అక్షరాల్లా ఉంటుంది. 'తలుపు' అంటే మూసి ఉండేది, తీయాల్సింది. 'గడప' అంటే దాటాల్సింది. 'వాకిలి' ఇంటి ముందు చోటు. ఆంగ్లంలో వాడిన మాట తలుపు చెక్క గురించి కాదు, ఆ చెక్క తెరుచుకున్నప్పుడు కనబడే దారి గురించి. అలా వెతుకుతూ 'గుమ్మం' దగ్గర ఆగాను. 'ప్రతి గుండే ఒక గుమ్మం'. గకారం కలిసింది, ఇంట్లో వాడే మాటలు రెండూ. ఇక మార్చను.

దిక్సూచి ఇంకా తేలలేదు. తర్కానికి ఎదురుగా ఉన్న దిక్కును తర్కం గారు 'అసంబద్ధత' అన్నారు. ఆ మాటలో తప్పుపట్టడం ఉంది. సుమి వెళ్లిన లోకం మిఠాయిలతో కట్టినది, అక్కడి పద్ధతికి అక్కడ పద్ధతే ఉంది, మనకు తలకిందులుగా కనబడుతుంది. 'తలకిందుల లోకాలు' అంటే సుమి నవ్వుతుందని నాకనిపిస్తోంది.

తర్కం:
'తలకిందుల లోకాలు' బాగుంది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నాన్సీ చుట్టూనే తిరుగుతున్నాం కానీ, నాకు ఈ పుస్తకంలో అందరికన్నా ఎక్కువ నచ్చింది కేడ్. అమ్మాయి అనుకుని అతన్ని ఒక మాయాలోకం ఎత్తుకుపోతుంది. అక్కడ గోబ్లిన్లు అనే పొట్టి భూతాల రాజును ఓడిస్తాడు. తాను అబ్బాయినని అతనికి తెలిసివచ్చాక, ఆ సంగతి బయటపడ్డాక, అదే లోకం అతన్ని గెంటేస్తుంది. ఇక్కడికొస్తే సొంత తల్లిదండ్రులు కూడా అతన్ని కొడుకుగా ఒప్పుకోరు. రెండు లోకాలూ ఒకే తప్పు చేశాయి. కేడ్ ఆ లోకానికి మళ్లీ వెళ్లాలనుకోడు. బడి అటక మీద పుస్తకాల గుట్టల మధ్య ఉంటూ, వచ్చిన పిల్లలకు నప్పే బట్టలు వెతికి ఇస్తుంటాడు. నాన్సీకి మళ్లీ నలుపూ తెలుపూ దొరికేది అతని దగ్గరే. అమ్మానాన్నలు మార్చిన పెట్టెను సరిచేసినవాడు, తనకంటూ తిరిగి వెళ్లే చోటు లేని కుర్రవాడు. ఈ ఒక్క పాత్ర కోసం ఆ హత్యలన్నీ భరించాను.

వెన్నెలమెట్లు:
తర్కం గారూ, కేడ్ గురించి ఒక్క అక్షరం కాదనను. కానీ ఆ హత్యలను ఊరికే భరించాల్సిన పని లేదని ఇవాళ రెండోసారి చదివాక అనిపించింది.

హంతకురాలైన జిల్ ఎందుకు చంపుతుంది? ఆమె, జాక్ వెళ్లింది బీడుభూముల లోకానికి. జాక్ శవాలతో ప్రయోగాలు చేసే పండితుడి దగ్గర శిష్యురాలైంది, జిల్ రక్తపిశాచి ప్రభువుకు ముద్దుబిడ్డ అయింది. వెళ్లకముందు ఇంట్లో జాక్ పట్టుగౌన్ల బొమ్మ, జిల్ మగపిల్లవాడిలా పెరిగిన పిల్ల. ఆ వేషాలు తల్లిదండ్రులు వాళ్లకు అంటగట్టినవి. అక్కడికెళ్లాక ఇద్దరూ తారుమారయ్యారు. చూడండి, ఇక్కడా ఆ పెట్టే ఉంది, ఆ రంగుల బట్టలే ఉన్నాయి.

జిల్ తన తలుపు తెరవడానికి ఒక తాళంచెవి తయారు చేస్తోంది. సుమి చేతులు, లొరియెల్ కళ్లు, ఒక్కొక్కరిలో ఏది గొప్పదో అది తీసుకుని, ఏ తలుపైనా తెరవగల ఒక అమ్మాయిని కూర్చాలని. జిల్ బెంగ నాన్సీ బెంగే. అంతే లోతు, అంతే నిజం. తేడా ఒక్కటే: జిల్ తన తలుపును వేరేవాళ్ల శరీరాల్లో వెతికింది. నాన్సీ తలుపు ఎప్పుడు తెరుచుకుంది? చనిపోయిన సుమి తన కోసం వదిలి వెళ్లిన చీటీ చదివాక. నీ కథ ఎలా ముగియాలో చెప్పే హక్కు నీకే ఉందన్న మాట ఆ చీటీ సారాంశం. అమ్మానాన్నలు రాసిన చీటీకి సుమి రాసిన చీటీ జవాబు. ప్రభువు 'తేల్చుకుని రా' అన్నాడు కదా, తేలింది అప్పుడే.

హత్యలు లేకపోతే ఈ ముగింపు నాకు స్వార్థంగా కనిపించేది. నా కోపం చాలావరకు పోయింది. పూర్తిగా కాదు. సుమి లేకుండా ఆ జవాబు రావాల్సింది.

తర్కం:
ఇది నేను చూడలేదు. రెండు చీటీల సంగతి అసలు గమనించలేదు. హంతకురాలిని ముందే కనిపెట్టేశానన్న తొందరలో ఆమె ఎందుకు చంపుతోందో సరిగా చదవలేదన్నమాట. మళ్లీ చదువుతాను.

సుమి విషయంలో మీతోపాటు నేనూ. అంత వెలుగున్న పిల్లను అంత తొందరగా చంపేయడం నాకు ఇప్పటికీ నచ్చదు. మూడో పుస్తకంలో ఆమె కూతురు రీని ఆకాశం నుంచి చెరువులో పడుతుంది. సుమి పిల్లను కనకముందే చనిపోయింది కదా, మరి కూతురెలా వచ్చింది? తలకిందుల లోకంలో అలాంటి ప్రశ్నలు చెల్లవు. కానీ తల్లి చనిపోయిన సంగతి మెల్లగా ఆ పిల్లను కూడా అందుకుంటుంది. వేళ్లతో మొదలై కొద్దికొద్దిగా మాయమవుతుంటుంది. తల్లిని బతికించుకోవాలి, లేకపోతే తానే లేకుండా పోతుంది. ఆ పుస్తకం చదివాక సుమిని చంపినందుకు రచయిత్రిని సగం క్షమించాను.

గడపదాటి:
ఇక్కడ రాసిన మర్నాడు అమ్మకు ఫోను చేశాను. అమ్మకు ఇప్పుడు డెబ్భై దాటాయి. పుస్తకం గురించి చెప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు నా గదికి రంగు ఎందుకు వేశారని మాత్రం అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: 'నిన్ను తీసుకువెళ్లిన రోజు నువ్వు ఆ గోడ మీద పడి, గోళ్లతో గీకావురా. ఆ గీతలు చూడలేకపోయాం. నువ్వు వచ్చి చూస్తావేమోనని భయపడి మీ నాన్నే కూర్చుని రంగు వేశారు.'

నాకు ఆ గీతలు గుర్తే లేవు. నోటు పుస్తకం సంగతి అడగడానికి ఆ రోజు నోరు రాలేదు.

అమ్మ_చదువరి:
నాన్సీ తల్లిదండ్రులకు ఇవ్వాలని నేను అడిగిన ఆ రెండు పేజీలు ఇవే, గడపదాటి గారూ.

మా అమ్మాయికి ఇదంతా చూపించాను, మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. మీరు వార్డులో వేసిన బొమ్మల్లో ఒక్కటైనా గుర్తుందా అని అడగమంది.

గడపదాటి:
ఒకటి గుర్తుంది. మందుల బండి. దానికి రెక్కలు వేశాను.